రంగూన్ టేకు పరిచిన మేడలు

గోదావరి జిల్లాల్లో నూరేళ్ల కిందటి మేడ ఎక్కడైనా కనిపిస్తే ఒకసారి పైకెక్కి చూడండి. కింద గదుల్లో నాపరాళ్లో, సున్నపు గచ్చో ఉంటుంది. పైన మాత్రం చాలా ఇళ్లలో చెక్క నేల. తొమ్మిది పది అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న బల్లలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుమ అతుకు లేకుండా పరిచి ఉంటాయి. మూడు తరాల పిల్లలు వాటి మీద గెంతారు. ధాన్యం బస్తాలు ఈడ్చారు. వానాకాలం కిటికీల్లోంచి జల్లు కొట్టింది. అయినా ఆ బల్లలు వంగలేదు, పుచ్చలేదు. ఆ కలప మన జిల్లాది కాదు. రంప కొండల్లో టేకు అడవి చేతికందే దూరంలో ఉండగా, బంగాళాఖాతం అవతల బర్మా నుంచి ఓడల్లో వచ్చింది.

పక్కన అడవిని పెట్టుకుని సముద్రం దాటి కలప ఎందుకు తెచ్చుకున్నారు? నా బతుకంతా కలపతోనే గడిచింది కాబట్టి ఈ సంగతి నేను చాలా కాలంగా ఆరా తీస్తూనే ఉన్నాను. మాది కాకినాడ జగన్నాథపురంలో కలప అడితి. మా నాన్న కొత్త దుంగలు కోయించి అమ్మేవారు. నా హయాం వచ్చేసరికి మంచి దుంగలు తగ్గాయి, పాత ఇళ్లు పడగొట్టడం పెరిగింది. అప్పటి నుంచి పాత ఇళ్ల దూలాలు, వాసాలు, గుమ్మాలు, బల్లలు కొని బాగుచేసి అమ్మడమే నా వ్యాపారం. చేతిలోకి వచ్చిన ప్రతి బల్లా ఎక్కడిదో, ఏ రంపం కోసిందో చూడకుండా ఉండలేను.

బల్ల అడుగుభాగం చూడాలి. పై భాగం నడిచి నడిచి అరిగిపోయి, నూనె పట్టి నల్లబడి ఉంటుంది. అడుగున మాత్రం కోసిన నాటి గీతలు అలాగే మిగిలిపోతాయి. గుంట తవ్వి ఇద్దరు మనుషులు పైనొకరు, కిందొకరు నిలబడి లాగిన రంపమైతే గీతలు ఒక వరసలో ఉండవు. లాగిన మనిషి అలసిన చోట ఏటవాలుగా తిరుగుతాయి. మిల్లులో పైకీ కిందికీ ఆడే నిలువు రంపమైతే గీతలన్నీ తిన్నగా, సమాన దూరంలో పడతాయి. గుండ్రటి రంపమైతే విల్లులా వంగిన గీతలు. మా దగ్గరకు వచ్చే మేడ బల్లల్లో ఎక్కువ భాగం మిల్లు గీతలవే. చిత్రిక పట్టి పైపొర ఒక్క వెంట్రుకవాసి తీస్తే లోపల పసుపుపచ్చ రంగు తేలుతుంది. కొత్త తోలు వాసనలాంటి ఘాటు వాసన అడితంతా కమ్ముతుంది. ఆ పసుపు ఎండ తగిలిన కొద్ది రోజులకే తేనె రంగుకు తిరుగుతుంది. బల్ల చివర్న అడ్డంగా నున్నగా కోసి చూస్తే చెట్టు ఏడాదికొకటి చొప్పున వేసుకున్న వలయాలు కనిపిస్తాయి. పాత బర్మా బల్లలో అవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇప్పటి తోట టేకులో వేలు పట్టేంత ఎడం. అడవిలో నూటయాభై ఏళ్లు నింపాదిగా పెరిగిన చెట్టుకూ, నీళ్లు పెట్టి ఇరవై ఏళ్లలో కోతకు తెచ్చిన చెట్టుకూ తేడా అక్కడ తెలిసిపోతుంది.

ఈ కలప మన తీరానికి మొదట ఇళ్ల కోసం రాలేదు, ఓడల కోసం వచ్చింది. కాకినాడకు దక్షిణాన కోరంగి ఒకప్పుడు పేరుమోసిన రేవు. పద్దెనిమిదో శతాబ్దంలోనూ, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ అక్కడ ఓడలు కట్టేవారు, పాడైన ఓడలను మరమ్మతు చేసేవారు. కోరంగి ఓడలు బంగాళాఖాతం దాటి బర్మాలోని పెగూ తీరానికి వెళ్లేవి, తిరుగు ప్రయాణంలో టేకు వేసుకుని వచ్చేవి. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకో ఉప్పెన కోరంగిని ముంచేశాయి. మిగిలినదాన్ని గోదావరి మేట పూడ్చేసింది. రేవు కాకినాడకు మారింది. ఓడలు కట్టే చేతులు మాత్రం తాళ్లరేవు వైపు చాలాకాలం నిలిచాయి. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారంటే ఆ రేవుకూ ఆ దేశానికీ ఎంత రాకపోకలుండేవో ఊహించుకోవచ్చు.

ఓడలవాళ్లకు టేకే ఎందుకు కావాల్సి వచ్చిందంటే, అది అన్నిటికంటే గట్టి కలప కావడం వల్ల కాదు. మా వ్యాపారంలో కలపను ఘనపుటడుగుల్లో కొలుస్తాం. బాగా ఆరిన టేకు ఘనపుటడుగుకు పద్దెనిమిది, పంతొమ్మిది కేజీలు తూగుతుంది. మన నల్లమద్ది అంతకంటే బరువు, గట్టి. టేకు గొప్పతనం దాని చేవలో ఉన్న నూనెది. ఆ నూనె వల్ల చెదలు దరి చేరవు. నీళ్లు తగిలినా ఉబ్బదు, ఎండినా పెద్దగా కుంచించుకుపోదు. ఇనుప మేకు దిగ్గొడితే మేకు తుప్పు పట్టదు. ఇంగ్లండు ఓక్ కలపలో పులుపు ఎక్కువ, అది ఇనుమును తినేస్తుంది. అందుకే 1860లో బ్రిటిష్ నౌకాదళం నీళ్లలోకి దించిన హెచ్.ఎం.ఎస్. వారియర్ అనే ఇనప కవచపు యుద్ధనౌకకు నాలుగున్నర అంగుళాల ఇనుము వెనక పద్దెనిమిది అంగుళాల మందాన టేకు వేశారు. నేను పాత బల్లల్లోంచి పీకిన మేకుల్లోనూ ఇదే చూస్తాను. చెక్క బయట ఉన్న తల తుప్పుపట్టి రాలిపోయి ఉంటుంది, చెక్కలో దిగిన మేర చాలాసార్లు నల్లగా, గట్టిగా అలాగే ఉంటుంది.

ఆ నూనె కోసమే ఇంగ్లిషువాళ్లు బర్మా అడవుల మీద పడ్డారు. బర్మాతో 1824–26లో జరిగిన యుద్ధం తర్వాత అక్కడి తెనాసెరిం ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. మౌల్మీన్ రేవు కలప ఓడలతో నిండిపోయింది. అనుమతి తీసుకున్న ప్రతివాడూ ఇష్టమొచ్చినట్టు నరికాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అక్కడ అందుబాటులో ఉన్న టేకు ఖాళీ అయిపోయింది. 1852 యుద్ధంతో పెగూ, రంగూన్ కూడా చేజిక్కాయి. ఈసారి అడవి అలా పోకూడదని 1856లో డీట్రిక్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్తను పెగూ టేకు అడవుల మీద అధికారిగా వేశారు. ఆయన ఏనుగెక్కి అడవిలో తిరుగుతూ, ఎడమచేతిలో వెదురు ముక్కలు పట్టుకుని, చెట్టు కైవారాన్ని బట్టి వాటి మీద చాకుతో గాట్లు పెట్టుకుంటూ లెక్క కట్టాడు. ఏడాదికి ఎన్ని చెట్లు కొట్టవచ్చో ఆ గాట్ల నుంచే తేల్చాడు. 1864లో మొత్తం భారతదేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయింది ఆయనే. అడవి మిగలాలన్న బ్రాండిస్ పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ ఆ లెక్క అడవిలో బతికే మనుషుల కోసం వేసింది కాదన్నది కూడా నిజమే.

నేలకు పనికొచ్చే కలప తయారీలో అసలు రహస్యం చెట్టు కొట్టడానికి ముందే ఉంది. పచ్చి టేకు నీళ్లలో తేలదు. అందుకని ముందు చెట్టు మొదట్లో బెరడునూ, దాని కింది తెల్లచెక్కనూ చుట్టూ వలయంలా చేవ దాకా నరుకుతారు. వేళ్ల నుంచి నీరు పైకెక్కదు. చెట్టు నిలబడిన చోటే చచ్చిపోతుంది. అలా రెండు మూడేళ్లు ఎండలో, గాలిలో నిలబెట్టి ఉంచేస్తారు. నిదానంగా, ఎక్కడా చీలకుండా నిలువునా ఆరిన తర్వాతే గొడ్డలి పెడతారు. ఏనుగులు గొలుసులతో దుంగను ఈడ్చుకుంటూ ఎండిన వాగులో దింపుతాయి. వానలు పడి వాగు పొంగితే దుంగ కదులుతుంది, లేకపోతే ఇంకో ఏడాది అక్కడే పడి ఉంటుంది. పెద్ద నది చేరాక దుంగలను తెప్పలుగా కట్టి ఇరావతి మీదుగా రంగూన్‌కు తేలుస్తారు. బెరడుకు గాటు పెట్టిన రోజు నుంచి మిల్లు చేరేదాకా ఐదారేళ్లు పట్టడం మామూలే. ఇప్పుడు మిల్లుల్లో ఆవిరి గదుల్లో పెట్టి కొద్ది వారాల్లో కలప ఆరబెట్టేస్తున్నారు. మేడ బల్ల నూరేళ్లు వంకర పోకుండా ఉందంటే చెట్టు వయసుతో పాటు ఆ ఐదారేళ్లకు కూడా అందులో భాగం ఉంది.

ఈ వ్యాపారం ఒక రాజ్యాన్నే పడగొట్టింది. 1863లో పుట్టిన బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ మాండలే రాజు తీబా అడవుల్లో టేకు కొట్టుకునే హక్కు తీసుకుంది. కొట్టిన దుంగలు ఒక లెక్క, సుంకం కట్టినవి ఇంకో లెక్క అని రాజు మంత్రిమండలి 1885లో కంపెనీకి 23 లక్షల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. ఫ్రెంచివాళ్లు ఎక్కడ పాగా వేస్తారోనన్న భయం ఇంగ్లిషువాళ్లకు ముందే ఉంది, జరిమానా వాళ్లకో సాకైంది. నవంబరులో యుద్ధం మొదలుపెట్టి రెండు వారాల్లో మాండలే పట్టుకున్నారు. 1886 జనవరి 1న ఎగువ బర్మాను కలిపేసుకున్నట్టు ప్రకటించారు. తీబా రత్నగిరిలో ప్రవాసంలో ఉండి 1916లో అక్కడే చనిపోయాడు. మన ఊళ్లలో చాలా మేడలు లేచింది ఆ తర్వాతి యాభై ఏళ్లలో. ఎగువ బర్మా అడవులన్నీ తెరుచుకుని, పొడుగాటి దుంగలు రంగూన్‌లో దండిగా దొరికిన కాలం అది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. మన ఏజెన్సీ టేకు నాసి కలప కాదు. గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి అడితులకు వచ్చిన టేకుతో గుమ్మాలూ, తలుపులూ, మంచాలూ ఎన్నో చేశారు. కానీ ఏటి ఒడ్డున సులువుగా దొరికే పెద్ద చెట్లు ముందే అయిపోయాయి. మిగిలినవాటికి కైవారం తక్కువ, ముడులు ఎక్కువ. పద్దెనిమిది అడుగుల గదికి అతుకు లేకుండా దూలమో బల్లో కావాలంటే ఆ చెట్లలో దొరకడం కష్టం. బర్మా దుంగ అరవై అడుగుల దాకా కొమ్మ లేకుండా తిన్నగా లేచిన చెట్టుది. పైగా మన డెల్టా నేల నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. దాని మీద బరువైన పై అంతస్తు కడితే గోడలు దిగబడతాయి. తేలికైన చెక్క నేల అక్కడ అక్కరకొచ్చింది. కొన్నిచోట్ల దగ్గర దగ్గరగా టేకు వాసాలు పరిచి, వాటి మీద ఇటుకలు నిలువుగా ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చే మద్రాసు టెర్రస్ వేశారు. దానికీ మోసేది బర్మా టేకే. ఆనకట్ట నీళ్లతో పంటలు పండి చేతిలో డబ్బు ఆడుతున్న రోజులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత కాకినాడ రేవు నుంచి రంగూన్‌కు నేరుగా స్టీమర్లు నడిచాయి. ధాన్యం డబ్బు, డెల్టా మట్టి, సముద్రపు దారి మూడూ ఒకేసారి కలిసొచ్చాయి.

ఆ స్టీమర్లు కలపతో పాటు మనుషులను కూడా మోశాయి. అది చెప్పకుండా చెక్క గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఏటా వేలమంది డెక్కు మీద కూర్చుని రంగూన్ వెళ్లేవారు. మేస్త్రీ ముందుగా అప్పు ఇచ్చి టికెట్ కొంటాడు. అక్కడ దిగాక కూలీలోంచి కోసుకుంటాడు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర దాకా ఉన్నారు. రేవులో బస్తాలు మోసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు, బియ్యం మిల్లుల్లోనూ రంపపు మిల్లుల్లోనూ పనిచేసినవాళ్లు చాలామంది మనవాళ్లే. మా తాతయ్య పజుండాంగ్ వాగు ఒడ్డున రంపపు మిల్లులో పనిచేశాడు. నీళ్లలోంచి దుంగను గొలుసుతో పైకి లాగి రంపం ముందుకు చేర్చడం ఆయన పని. బయట ఏనుగులు దుంగలు పేరుస్తుంటే, లోపల పొట్టు గాలి పీలుస్తూ మనుషులు పనిచేసేవారని నాన్నకు చెప్పేవాడట. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఏ మిల్లు అని గానీ, ఎలా తెగాయని గానీ ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ బతుకు సవ్యంగా సాగలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను తెచ్చాయి. సమ్మె ముగియగానే ఆ బర్మావాళ్లను పొమ్మన్నాయి. కడుపు మండిన రెండు వర్గాల మధ్య గొడవ రేగి ఊరంతా అంటుకుంది. వందమందికి పైగా పోయారు. కంపెనీలు చేసిన పనికి కూలీలు కూలీలనే చంపుకున్నారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో ఊరు వాళ్ల చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిలో కాలినడకన బయల్దేరారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో. మా తాతయ్య ఆ నడకలో బతికి వచ్చినవాడు. ఆ ఏప్రిల్ 6న ఇక్కడ కాకినాడ మీద, విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. రంగూన్ కలప ఓడల రాకపోకలు ఆ ఏటితో ఆగిపోయాయి. యుద్ధం తర్వాత కలప మళ్లీ వచ్చింది గానీ వెనకటి పొడవు, వెనకటి దండితనం రాలేదు.

ఇటు మన కొండల్లో జరిగినదీ ఇదే కథలో ముక్క. 1882 మద్రాసు అడవుల చట్టం తర్వాత రంప, గూడెం కొండల్లో పోడు మీద ఆంక్షలు బిగించారు. అడవికి హద్దురాళ్లు వేశారు. కొండవాళ్లు తమ అడవిలోనే దొంగలయ్యారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక వాళ్లు నడవడానికి ఉన్న కారణాల్లో ఈ అడవి కట్టుబాట్లు ముఖ్యమైనవి. బర్మాలో అదే పోడును అధికారులు వేరే విధంగా వాడుకున్నారు. కరెన్ రైతులు కొట్టి కాల్చిన పోడు చేలో వరితో పాటు టేకు మొక్కలు నాటించారు. రైతు వరి కోసుకుని వెళ్లిపోతే చేను టేకు తోటగా మిగిలేది. దాన్ని తౌంగ్యా అన్నారు. కేరళలో నీలంబూరు దగ్గర కలెక్టర్ కనోలీ, ఆయన కింద పనిచేసిన చాతు మేనోన్ 1840లలోనే టేకు తోటలు వేయించారు. ఇవాళ మార్కెట్లో తోట టేకు అని అమ్మేదానికి మూలం ఈ పనులే.

ఇంతకీ నేలకు ఏ కలప మంచిదని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. మా వీధిలో పుట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, భర్తతో కలిసి ఇక్కడ ఇల్లు కట్టుకుంటూ ఈమధ్య అడితికి వచ్చింది.

“బాబాయిగారూ, నేలకు బ్రెజిల్ నుంచి వచ్చే ఇపే వేయించుకోమంటున్నారండీ. టేకు కంటే మూడింతలు గట్టిదట. మీరేమంటారు?”

“గట్టిదేనమ్మా, అబద్ధం కాదు. ఘనపుటడుగుకు ముప్పై కేజీలకు దగ్గరగా తూగుతుంది. నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. మేకు దిగదు, ముందు బెజ్జం వేసుకోవాలి. కానీ నీ ఇంట్లో దాని మీద లారీలు నడవవు కదా!”

ఆ అమ్మాయికి బర్మాలోనే ఉన్న ఇంకో కలప సంగతి చెప్పాను. పింకాడో అంటారు. మన అడవుల్లో కొండతంగేడు అనేది అదే చెట్టు. ఘనపుటడుగుకు 26, 27 కేజీలు. పచ్చిది నీళ్లలో తేలదు కాబట్టి వెదురు మోపులు కట్టి తేల్చేవారు. ఇనుమంత గట్టిది. దాన్ని రైలు పట్టాల కింద స్లీపర్లుగా, వంతెనలకు స్తంభాలుగా వేశారు. ఇంటి నేలకు మాత్రం పెద్దలు దాన్ని కాదని టేకే ఎంచుకున్నారు. కారణం మన గాలి. వైశాఖంలో పడమటి వడగాడ్పు కొడితే చెక్కలో తేమంతా పోతుంది. శ్రావణంలో సముద్రపు గాలికి మళ్లీ తేమ పీలుస్తుంది. బాగా బరువైన కలపల్లో చాలావాటికి ఈ ఉబ్బడం, కుంచించుకోవడం ఎక్కువ. సందులు విచ్చుకుంటాయి, అంచులు లేస్తాయి. టేకుకు తక్కువ. కాకినాడలో నేల వేసేవాళ్లకు గట్టితనం కంటే ఈ నిలకడ ముఖ్యం. వారానికోసారి తడిగుడ్డతో తుడిచే ఇల్లాలికి ఇది తెలుసు.

“మరి బర్మా టేకే కొత్తది కొనుక్కోమంటారా?” అంది.

వద్దన్నాను. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపేసింది, కోసిన కలప మాత్రం వస్తూనే ఉంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. కలప డబ్బు సైన్యానికి చేరుతోందని ఆ ఏడాదే అమెరికా, యూరోపియన్ యూనియన్ అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద ఆంక్షలు పెట్టాయి. ఇపే, దానిలాగే అమెజాన్ నుంచి వచ్చే కుమారు కలపల సంగతి కూడా అంత సులువు కాదు. అమెజాన్‌లో ఒక ఇపే చెట్టు ఉన్న చోట దాని పక్కన ఇంకొకటి ఉండదు. ఎకరాలకు ఎకరాలు తిరిగి, దారులు చీల్చి, ఒక్కొక్కటీ ఏరి కొట్టాలి. అందుకే 2024 నవంబరు 25 నుంచి అవి అంతర్జాతీయ వ్యాపారంలో అనుమతి పత్రాలు చూపాల్సిన సైటిస్ జాబితాలోకి వచ్చాయి. మౌల్మీన్‌లో ఇరవై ఏళ్లలో జరిగింది ఇప్పుడు ఇంకో ఖండంలో జరుగుతోంది.

మా గోదాములో ఒక పాత మేడ నుంచి దింపిన బల్లలు ఉన్నాయి. ఆ అమ్మాయికి వాటిలో ఒకటి తిరగేసి అడుగున విల్లు గీతలు చూపించాను. వేలితో గీత వెంట రాసింది. “ఇది కోసినవాళ్లలో మన తాతలు కూడా ఉండి ఉంటారండీ” అంది. ఉండి ఉంటారనే నేనూ అన్నాను. వాళ్ల హాలుకు సరిపడా బల్లలు కుదిరాయి. అంగుళంన్నర మందంలో పైన అరిగిన పొర తీసేస్తే అంగుళం పావు మిగిలింది. ఒక బల్ల అంచున గాడి, పక్క బల్ల అంచున దానిలో కూర్చునే నాలుక తీయించి, పాత మేకుల బెజ్జాలు టేకు ముక్కలతోనే పూడ్చి పరిపించాం. మా వడ్రంగి రంగు వేయకుండా నూనె మాత్రమే పట్టించాడు.

ఇలాంటి బల్లలు ఎక్కువ కాలం దొరకవు. పాత మేడ పడగొట్టే కాంట్రాక్టరుకు ఇటుకల మీద, ఇనుము మీద ఉన్న ధ్యాస నేల మీద ఉండదు. గునపం పెట్టి పెకిలిస్తే బల్ల నిలువునా చీలుతుంది. చీలిన బల్ల గుమ్మానికి బద్దలుగా పోతుంది, లేదా హోటలు పొయ్యిలోకి పోతుంది. రెండూ నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. నూటయాభై ఏళ్లు పెరిగిన చెట్టు, దాన్ని కోసిన చేతులు, సముద్రం దాటిన ప్రయాణం అన్నీ ఒక పూట పొయ్యికి ఆహుతవుతున్నాయి.

మీ ఇంట్లో గానీ, మీ బంధువుల ఇంట్లో గానీ చెక్క మేడ పడగొట్టబోతుంటే కప్పు దింపగానే ముందు నేల ఊడదీయించండి. వాసం పక్కన బల్లను కింద నుంచి తట్టి కొద్దిగా పైకి లేపి, ఆ తర్వాత పై నుంచి మేకు పీకితే బల్ల చెక్కుచెదరకుండా వస్తుంది. పొడవు తగ్గించకండి, చీల్పించకండి. నీడన, నేలకు అడుగు ఎత్తున, మధ్యలో పుల్లలు పెట్టి పేర్పించండి. మీకు అక్కర్లేకపోతే నేల వేసుకునే వాళ్లకే అమ్మండి. కొత్త ఇల్లు కట్టుకుంటూ చెక్క నేల కావాలనుకునేవాళ్లు బయట దేశం కలప ధర అడిగే ముందు మీ ఊరి పాత కలప అడితిలో ఒకసారి అడగండి. నికరమైన గట్టి నేలకు ఇవాళ అంతకంటే మంచి కలప లేదు.